సార్ కొనిచ్చిన కీప్యాడ్ ఫోన్

"నవీన గారూ, మీ ఫోన్ పంజాగుట్ట షాపుకు వచ్చింది. ఈ రోజే తెచ్చేసుకోండి. నా తరఫున పెళ్లి కానుక అనుకోండి."

చక్రపాణి సార్ నుంచి మెసేజ్ వచ్చేసరికి నవీన అమీర్‌పేట మెట్రో మెట్ల దగ్గర ఉంది. పక్కన మొగుడు మహిపాల్. పెళ్లయి మూడు నెలలు. ఇద్దరి చేతుల మధ్య ఒకే పొట్లం, అందులో ఆఖరి మిర్చీ బజ్జీ. అది ఎవరిదన్న తగువు రసవత్తరంగా సాగుతోంది.

ఫోన్ పగిలిన అద్దం మీద మెసేజ్ చదివి, నవీన బజ్జీ సంగతే మరిచిపోయింది. మహిపాల్ మరిచిపోలేదు. నములుతూనే తానూ చదివాడు.

"మీ సార్‌కు జ్వరం గిట్ల వచ్చిందా?" అన్నాడు.

అతని అనుమానం న్యాయమైనదే. ఇన్నాళ్లూ "ఏమ్మా" అని పిలిచిన మనిషి ఒక్కసారిగా "గారూ" అంటున్నాడు.

అమీర్‌పేటలోని మైత్రీవనంలో చక్రపాణికి కంప్యూటర్ కోచింగ్ సెంటర్ ఉంది. అక్కడ నవీన మూడేళ్లు పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష చెప్పింది. నోట్సు కూడా తనే రాసింది. పెళ్లికి పది రోజులు సెలవు పెట్టింది. చేతుల గోరింటాకు ఇంకా ఎర్రగా ఉండగానే తిరిగొచ్చి చూస్తే, గేటు మీద నిలువెత్తు ఫ్లెక్సీ: చక్రపాణి సార్ పైథాన్. నోట్సు అట్ట మీద ఆమె పేరు లేదు. సార్ ఫొటో ఉంది.

అడగబోయింది. సార్ స్టాఫ్ అందరి ముందూ నవ్వాడు.

"పెళ్లయిన పిల్లవి, ఇంకా క్లాసుల టెన్షన్ నీకెందుకమ్మా? హాయిగా వెనక బెంచీలో కూర్చో."

ఆ నవ్వు నవీన చెవుల్లోంచి పోలేదు. కూరగాయలు తరుగుతుంటే గుర్తొస్తుంది. అప్పుడు బెండకాయల మీద కత్తి వేగం చూసి మహిపాల్ రెండడుగులు వెనక్కి జరుగుతాడు. ఆ మనిషిని ఎప్పటికైనా నవ్వులపాలు చేస్తానని ఆమె రోజూ అంటుంది. ఎలాగో మాత్రం చెప్పదు.

ఇక పోయిన ఆదివారం జరిగింది వేరే. అమీర్‌పేటలో ఏ కోర్సుకైనా ముందు ఉచితంగా ఒక డెమో క్లాసు ఉంటుంది. నచ్చితే పిల్లలు చేరతారు, నచ్చకపోతే అవే మెట్లు దిగి పక్క సెంటర్‌కు పోతారు. ఈ రెండు నెలల్లో చక్రపాణి డెమోకు మంచి పేరొచ్చింది. ఎవరు ఏ ప్రశ్న అడిగినా అర నిమిషం తల దించుకుని ఆలోచిస్తాడు. తలెత్తి టకటకా జవాబు చెబుతాడు. ఆ ఆదివారం మాత్రం ఒక జవాబు తప్పు చెప్పాడు. హాలంతా గొల్లుమంది.

ఆ కోపమంతా తెచ్చి స్టాఫ్ రూంలో నవీన మీద కుమ్మరించాడు. ఆమె చేతిలోని ఫోన్ లాక్కుని బల్ల మీదికి విసిరితే అద్దం పగిలింది. మర్నాడు మళ్లీ తనే వచ్చి, ఏ ఫోన్ కావాలో చెప్పమన్నాడు. చాలా రోజులుగా మనసుపడ్డ బుల్లి కీప్యాడ్ స్మార్ట్‌ఫోన్ పేరు చెప్పింది నవీన.

పంజాగుట్ట ఒక్క స్టేషనే. సీటు దొరికినా ఇద్దరూ తలుపు దగ్గరే నిలబడ్డారు. బండి వంపు తిరిగినప్పుడల్లా ఒకరి మీద ఒకరు పడొచ్చు మరి.

షాపతను జుల్ఫికర్ డబ్బా తెరిచాడు. ఫోన్ అరచేతిలో ఇమిడిపోయింది. దానిమ్మ గింజలంత మీటలు. నొక్కితే టిక్కుమంటున్నాయి. నవీనకు ఒళ్లంతా సంబరం. కుర్తా జేబులో వేసుకుని చూసింది, పట్టింది. చున్నీ కింద పెట్టి, కళ్లు మూసుకుని టైప్ చేసింది. తీసి చూస్తే, మహిపాల్ బజ్జీల దొంగ అని ఒక్క అక్షరం తప్పు పోకుండా పడింది.

"చూడకుండనే కొడుతున్నరు మేడమ్. మస్తు స్పీడు," అన్నాడు జుల్ఫికర్.

మహిపాల్ ఆమె చెవి దగ్గరికి వంగాడు.

"తీస్కో. ఆయన కొనిచ్చిన దాంతోనే ఆయన బండారం మొత్తం స్టూడెంట్ల గ్రూపుల కొట్టు. ఉద్యోగం పోతే పోయె, నేనున్న గదా."

నవీన ఆలోచించింది. గ్రూపులో ఎంత రాసినా పది నిమిషాల్లో తీసేస్తారు. క్లాసులు పోయాయని కుళ్లుకుంటోందంటాడు సార్. పిల్లలు ఆయన మాటే నమ్ముతారు. పైగా ఆ కానుక జేబులో వేసుకుంటే, సార్ చెప్పినట్టల్లా వెనక బెంచీలో కూర్చోవడానికి ఒప్పుకున్నట్టే.

చివరిసారిగా ఒక్క మీట నొక్కింది. టిక్. ఫోన్‌ను డబ్బాలో పడుకోబెట్టి మూత పెట్టింది.

"భాయ్, రేపు సాయంత్రం దాకా గిది మీ దగ్గర్నే ఉంచండి. తర్వాత సార్‌కే పంపండి."

జుల్ఫికర్ అయోమయంగా డబ్బా అందుకున్నాడు. బయటికొచ్చాక మహిపాల్ ఆగలేకపోయాడు.

"నీకు నచ్చింది గదనే?"

"మస్తు నచ్చింది. వేరే దగ్గర క్లాసులు దొరికినంక నేనే కొనుక్కుంట."

"మరి నీ పగ?"

నవీన అతని చెయ్యి పట్టుకుని ఊపుకుంటూ మెట్రో వైపు నడిచింది. రెండు నెలలుగా అతనికి కూడా చెప్పుకోలేని సంగతి అప్పుడు నోరు విప్పి చెప్పింది.

"రేపు పది గంటల డెమోల మూడొందల మంది ప్రశ్నలడుగుతరు, సార్ తల దించుకొని చేతిల ట్యాబ్ దిక్కు చూస్తడు, ఎప్పటి లెక్క నేను ఎనుక బెంచీల కూసొని దానికి జవాబులు టైప్ చేసి పంపుడు మాత్రం బంద్."