పిట్ట ముట్టని రొట్టె

జానమ్మ కాన్పులో పోయిన మూడోరోజు పిట్టకు పెట్టారు. పోయినవాళ్లకు ఇష్టమైనది పెడితేనే కాకి ముడుతుందంటారు. గోడమీది కాకి అన్నాన్నీ కల్లునూ చూడనైనా చూడలేదు.

"అవ్వా, గా నల్ల సీస తే," అన్నాడు మొగుడు సాయిలు తన తల్లితో.

కడుపుతో ఉన్నప్పుడు రక్తం పడుతుందని అచ్చంపేట దవాఖాన నర్సమ్మ ఇచ్చిన, పిండి పులియబెట్టే ఈస్టుతో చేసిన లేహ్యం అది. ఉప్పగా, కల్లుకుండ అడుగు మడ్డిలా ఉండేది. వాడకట్టంతా నాకి చూసి ఉమ్మేసింది. జానమ్మ ఒక్కతే రోజూ జొన్నరొట్టెకు పూయించుకుని, "కమ్మగున్నదత్తా, ఇంకింత రాయి" అనేది.

సాయిలు రొట్టెకు దట్టంగా పూసి పెట్టాడు. కాకి కిందికి దిగింది. ఒక్కసారి ముక్కు ఆనించి, మళ్లీ గోడెక్కింది.

అవ్వ ఒళ్లో పసిగుడ్డు కేరుమంది. అవ్వ దాని ముఖంలోకి చాలాసేపు చూసింది.

"గీ పిల్ల కోసం మింగింది కొడుకా. ఇష్టముండి కాదు."

సాయిలు సీస మూత బిగించాడు.

"మరి దానికి ఏమిష్టముండెరా? నీకెరుకేనా?"

మూడేళ్లు కాపురం చేసిన సాయిలు అన్నం వంక, కల్లు వంక, రొట్టె వంక చూశాడు.

కాకి గోడమీదే ఉంది.