అరడుగు కింద నీళ్లు

ఎవరో ముసలాయన మోచేతి దాకా బురదలో చెయ్యి పెట్టి తన మడిలో దేవులాడుతుంటే నీళ్లక్కకు ఒళ్లు మండింది.

"ఏం పెద్దాయనా, ఏం పోగొట్టుకున్నావక్కడ?"

"వేళ్లు చూస్తున్నానమ్మా. నల్లబడ్డాయి. ఊపిరాడటం లేదు వాటికి."

"నీళ్లలో బతికే పైరుకి ఊపిరేంటయ్యా? రేపు చేపకి దాహమేస్తోందంటావా?"

ఆయన నవ్వాడు. కోపం రాలేదు.

ఆమె అసలు పేరుని ఊళ్లోవాళ్లు ఎప్పుడో మరిచిపోయారు. తూము పక్కనే రెండెకరాలు. నాటు నుంచి కోత దాకా మడిలో నీళ్లు గట్టు అంచు తాకుతుండాల్సిందే. నీళ్ల వంతు కోసం పార పట్టుకుని మగాళ్ల మీదికి కూడా వెళ్లిన మనిషి.

ముసలాయన సంచిలోంచి మూరెడు గొట్టం తీశాడు. దాని చుట్టూ చిల్లులు.

"ఒక్క మడి ఇవ్వు. దీన్ని భూమిలోకి దించుతా. పైన నీళ్లు ఇంకిపోయినా కంగారుపడకు. గొట్టంలోకి తొంగిచూడు. నీళ్లు నేలకి అరడుగు కిందికి దిగాకే మళ్లీ మడవ తీసి నీళ్లు పెట్టు."

"ఎండిపోతే?"

"నన్ను ఈ గట్టు మీదే నిలబెట్టి కడిగెయ్యమ్మా."

నిరుడు కోతకు వారం ముందు గాలికి పైరంతా పడుకుంది. ఆ దెబ్బ ఇంకా మానలేదు. ఏమనుకుందో, అన్నిట్లోకీ చిన్న మడి చూపించింది.

తొమ్మిదో రోజుకు ఆ మడి బీటలు వారింది.

నీళ్లక్కకు అన్నం సహించలేదు. పార భుజాన వేసుకుని, ముసలాయన్ని నోటికొచ్చినట్టు తిడుతూ పొలానికి పోయింది. మడవ తియ్యబోతూ, సరే చూద్దామని గొట్టం మీదికి వంగింది.

లోపల నీళ్లు. అరడుగు కూడా దిగలేదు. నిశ్చలంగా ఉన్నాయి.

కాళ్ల కింద బీటలు. ఆ బీటల కింద నీళ్లు. నలభై ఏళ్లు తొక్కిన నేల, తనకి తెలియకుండా ఇంత దాచుకుందా?

మడవ తియ్యకుండానే పార భుజాన వేసుకుని ఇంటికి పోయింది.

ముసలాయన వారానికోసారి నడిచి వచ్చేవాడు. గొట్టంలో పుల్ల ముంచి చూసేవాడు. ఎవరు పిలిస్తే వాళ్ల మడిలోనూ ఒక గొట్టం దించేవాడు. మంచినీళ్లు తప్ప ఏమీ పుచ్చుకునేవాడు కాదు.

"గొట్టాల కంపెనీ మనిషేమో వదినా," అన్నాడు మరిది.

"అమ్మితేగా! పాత ముక్కలు ఏరుకొచ్చి, తనే చిల్లులు పొడుస్తున్నాడు."

పైరు పూతకొచ్చిన రోజు మరిది రొప్పుతూ వచ్చాడు.

"గుట్టు తెలిసింది వదినా! ఆయనది కాలువ చివర ఊరు. మనం నీళ్లు తగ్గిస్తే ఎవరికి పారతాయి? ఆయన పొలానికే!"

ముసలాయన అప్పుడే గట్టెక్కుతున్నాడు. నీళ్లక్క ఎదురెళ్లింది.

"నిజమేనా?"

"మాది చివరి ఊరేనమ్మా. మా వైపు నీళ్లు చూసి పదకొండేళ్లయింది."

"అంటే నీ కడుపు నింపుకోడానికి మాకు నీతులు చెప్పావన్నమాట! ఇంకోసారి ఈ గట్టు తొక్కావంటే మర్యాద దక్కదు."

ఆయన సంచి భుజాన వేసుకున్నాడు. నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగాడు.

"పూతకొచ్చిందమ్మా. ఈ పది రోజులూ మాత్రం మడి ఆరనివ్వకు."

మళ్లీ రాలేదు.

కోతల ముందు గాలి నిరుటిలాగే వచ్చింది. తెల్లారి చూస్తే ఊరి పైరంతా చాప పరిచినట్టు పడి ఉంది. చిన్న మడి మాత్రం నిలబడి ఉంది, బరువైన కంకులు ఊపుకుంటూ. అవతల గొట్టం దించిన మరో నాలుగు మడులు కూడా అంతే.

నీళ్లక్క ఒక దుబ్బును తవ్వి తీసింది. తెల్లటి వేళ్లు. ముంజేతి పొడవున దిగాయి. ఊరంతా ఆ దుబ్బు చుట్టూ చేరింది.

ముందుగా మరిదే నోరు విప్పాడు. "నాకూ ఒక గొట్టం కావాలి వదినా."

తర్వాతి పంటకు ఊళ్లో నలభై ఇళ్ల వాళ్లు గొట్టాలు దించారు. తూము సగం రోజులు మూసే ఉండేది.

తిట్టిన తిట్లు నీళ్లక్కను ముల్లులా పొడుస్తూనే ఉన్నాయి. ఒకరోజు చిన్న మడిలో పండిన బియ్యం మూట కట్టుకుని, కాలువ వెంట దిగువకు నడిచింది. చివరి ఊరు చేరేసరికి ఎండ నడినెత్తికొచ్చింది.

అక్కడ కాలువలో నీళ్లు పారుతున్నాయి.

ముసలీ ముతకా అంతా గట్టున నిలబడి చూస్తున్నారు. పదకొండేళ్లుగా తుమ్మలు మొలిచిన నేలలో దుక్కి సాగుతోంది. ఒక అవ్వ కాలువలో దిగి, దోసిట నీళ్లు పట్టి, వదిలి, మళ్లీ పడుతోంది.

"గొట్టాల పెద్దాయన ఇల్లెక్కడవ్వా?"

అవ్వ దోసిట్లోంచి నీళ్లు జారిపోయాయి.

"పోయాడమ్మా. జ్వరం. నీళ్లు ఈ ఊరు తాకడానికి ఇరవై రోజుల ముందు."

నీళ్లక్క మూట గట్టు మీద దించింది. కళ్లు తుడుచుకుంది.

"ఆయన పొలమైనా చూపించవ్వా. నీళ్లెక్కాయో లేదో నా కళ్లతో చూసి పోతా."

అవ్వ ఆమెను వింతగా చూసింది.

"ఆయనకి పొలమెక్కడిదమ్మా? పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి మా పొలాల్లో నాట్లేసిన కూలీ ఆయన."