కాటుకదొర పొంతన

ఆ రోజుల్లో పెళ్లిచూపుల్లో జాతకాలు అడిగేవారు కాదు. బొమ్మల కథల్లోని విలన్ కాటుకదొర పాత్రలో మీ ఇంట్లో ఏ నటుణ్ణి చూస్తారని అడిగేవారు. ఎవరు కోరిన నటుడితో వాళ్లకు సినిమాను, ఇంట్లో మాటలన్నీ వినే తెరగోడే తయారుచేసి చూపించేది.

"మా దొర నవ్వితే చాలు, ఒళ్లు జలదరిస్తుంది," అన్నాడు పెళ్లికొడుకు తండ్రి విఠల్రావు.

"నవ్వడానికేముందండీ? మావాడు ఏడుస్తూ చంపుతాడు. అదీ నటనంటే!" అన్నాడు పెళ్లికూతురు తండ్రి భుజంగరావు.

కాఫీలు చల్లారాయి గాని గొడవ చల్లారలేదు.

పెళ్లికొడుకు సుధన్వ వంటింట్లోకి తప్పుకుని, అక్కడున్న పెళ్లికూతురు మంజీరతో మెల్లగా అన్నాడు. "నాకసలు ఆ కాటుకదొరే నచ్చడండీ."

మంజీర మొహం విప్పారింది. "అమ్మయ్య! నాకూ అంతేనండీ."

గోడ ఆ మాటలు విని హాల్లో గట్టిగా వినిపించింది. తండ్రులిద్దరూ నిర్ఘాంతపోయారు. ఒకరినొకరు ఓదార్చుకుని, ఇలాంటి పిల్లలకు పెళ్లేమిటని సంబంధం వదులుకున్నారు. అంత చక్కగా కలిసిపోయిన వియ్యంకులను ఆ వీధి ఎన్నడూ చూడలేదు.