సొట్ట గిన్నె

“నాయనా, ఈ అవ్వకు ఒకటే పన్ను!” మొరప్పూరు బస్సులో నేత్ర గట్టిగా అరిచింది.

తంగవేలు కంగారుపడలేదు. ధర్మపురిలో వాళ్లది పాత్రల అంగడి. బేరానికొచ్చినవాళ్ల ముందు గుట్టుగా ఏదైనా అనుకోవాలంటే ఆలుమగలు తెలుగులోనే అనుకుంటారు. బయటంతా తమిళమే కాబట్టి ఎవరికీ అర్థం కాదని ధీమా. నాలుగేళ్ల కూతురికి ఆ కిటుకు నేర్పింది అతనే.

“రెండుండాయి పాపా, లోపల చూడు,” అని తెలుగులోనే అంటూ పక్కనున్న అవ్వ నోరు తెరిచింది.

నేత్ర తొంగిచూసి, నిజమేనని తలాడించింది. తంగవేలు మాత్రం, “చిన్నపిల్ల, తప్పుగా అనుకోవద్దు పాట్టీ,” అని అలవాటుకొద్దీ తమిళంలోనే నసిగాడు.

“పాపదేముందిలే. మొన్న నేను మీ అంగడికొస్తే, ‘ఆ సొట్ట గిన్నె ఈ ముసిల్దానికి అంటగట్టు’ అని నీ పెండ్లాంతో అన్నావు గదా, అదీ విన్నాను.”

తంగవేలుకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. “తెలిసే కొన్నావా?”

“మీ మాటలు వింటా నిలబడిపోయినాను నాయనా. మా ఇంటాయన పోయినాక, మా ఊరు ఇండూర్లో నాతో మన మాట మాట్లాడేవాళ్లే లేరు.”

నేత్రకు అవ్వ కష్టం ఇట్టే అర్థమైంది.

“అయితే మా ఇంటికి రా అవ్వా. మా నాయన నిద్రలో గూడా ఇట్లే మాట్లాడతాడు!”

అవ్వ ఆ రెండు పళ్లూ బయటపెట్టి నవ్వింది. బస్సంతా వాళ్లకేసి తిరిగింది.

“రా అవ్వా,” అన్నాడు తంగవేలు, అందరికీ వినబడేలా తెలుగులోనే. “వచ్చేటప్పుడు ఆ గిన్నె తీసుకురా, మార్చిస్తాను.”