కారం తిన్న పందులు

"మన పందులకి మిరపకాయలు ఎవరు పెడుతున్నారు మావయ్యగారూ?"

కోడలు ఈ మాట అడిగేసరికి మామగారికి తాగుతున్న కాఫీ పొలమారింది. అత్తగారు పరుగున వచ్చి వీపు మీద నాలుగు చరిచింది.

గేటు బయట లారీ ఆగి ఉంది. పందిపిల్లల్ని బేరమాడుకున్న ఆసామి డ్రైవరు పక్కన కూర్చుని కోడలి మాట కోసం ఎదురు చూస్తున్నాడు. ఆమె పనిచేసేది పశువుల ల్యాబులో. పందుల పేగుల్లో ఏ వైరస్ నక్కినా బయటికి లాగి, అది ఏ రకమో, ఎంత గడుగ్గాయో తేల్చడం ఆమె ఉద్యోగం. చుట్టుపక్కల ఫారాల్లో పిల్లలు విరేచనాలతో పోతున్నాయి కనక, ల్యాబు సరేనంటే తప్ప ఎక్కడి పిల్లా కదలడానికి లేదు. మామగారి షెడ్డులోనూ రెండు పిల్లలకి విరేచనాలవుతున్నట్టు ఆమె కంట పడింది. దాణా మారింది కదా అని ఆయన కొట్టిపారేశారు. వైరస్ ఉందని తేలితే షెడ్డుకి తాళం పడుతుంది, ఈ ఏటి పెంపకమంతా మట్టిపాలవుతుంది.

పరీక్షకి పెంట పట్టే పని మాత్రం మామగారు ఆమెకి వదల్లేదు. కొత్త కోడలు ఆ కంపులోకి రావడమేంటని నొచ్చుకుని, సీసా తనే నింపి, గుడ్డ చుట్టి మరీ చేతికిచ్చారు. ఇంత మంచి మామగారు ఎవరికి దొరుకుతారని ఆమె మురిసిపోయింది కూడా.

"మిరపకాయల గొడవ తర్వాత. వైరస్ ఉందా లేదా, అది చెప్పమ్మా," అన్నారాయన గొంతు సవరించుకుని.

"పంది వైరస్ ఒక్కటీ లేదు."

మామగారి మీసం పైకి లేచింది. తన పెంపకమంటే ఏమనుకున్నారంటూ లారీ వైపు చెయ్యి ఊపబోయారు. కోడలు ఆపింది.

"నాకు మింగుడు పడనిది అదే. ఎంత దుక్కలాంటి పందికైనా కడుపులో నాలుగైదు రకాలు హాయిగా కాపురం చేస్తుంటాయి. మన వాటికి అవి కూడా లేవు. ఇంత శుభ్రమైన పందిని నేను పుస్తకాల్లో కూడా చూడలేదు."

"శుభ్రంగా ఉండడం కూడా తప్పేనా?"

ఆమె దగ్గరున్న మిషన్ ఒకదాన్ని వెతకమంటే ఆ ఒక్కదాన్నే వెతికి ఊరుకునే రకం కాదు. సీసాలో ఏమేం వైరస్‌లున్నాయో అన్నిటి జాతకమూ చదివేస్తుంది. ఈసారి దానికి కుప్పలుగా దొరికింది ఒకటే, అదీ మిరప మొక్కలకి పట్టేది. కారంతో పాటు కడుపులోకి దిగి, అరగకుండా, చెక్కుచెదరకుండా అటునుంచి బయటికొచ్చేస్తుంది. తిన్నవాళ్ళకి అపకారమేమీ చెయ్యదు. తిన్నది కారమని మాత్రం దాచదు.

కోడలికి సంగతి తేలిపోయింది. తవుడూ మొక్కజొన్నా తప్ప మరో రుచి ఎరగని పందులకి కారం తగిలిందంటే, ఇంట్లో ఎంగిలి ఎవరో తీసుకెళ్ళి దాణాలో కలుపుతున్నారన్నమాట. అలా కలిపితే రోగాలొస్తాయనే ల్యాబువాళ్ళు నెత్తీ నోరూ కొట్టుకునేది. ఆ ముక్కే చెప్పి వంటింటి వైపు చూసింది.

అత్తగారికి చిర్రెత్తుకొచ్చింది.

"నా వంటింట్లో కారం ఎక్కడ ఏడ్చిందమ్మా? మీ మావయ్యకి కడుపులో పుండని డాక్టరు చెప్పిన రోజే కారం డబ్బా తీసుకెళ్ళి చెత్తలో పారేశా. ఆయనతో పాటు ఇంటిల్లిపాదీ చప్పిడి కూడు తింటున్నాం. నువ్వైతే క్యాంటీన్లో కానిచ్చేస్తున్నావులే, నాకు తెలీదనుకోకు."

కోడలు నాలిక్కరుచుకుంది. మామగారు సందు దొరికింది కదా అని ఇద్దరికీ సర్దిచెప్పబోయారు. మిషన్లన్నాక ఒక్కోసారి మొరాయిస్తాయని, ఇంకాస్త ఆలస్యం చేస్తే లారీ వెళ్ళిపోతుందని, రాని నవ్వు తెచ్చుకుని చెప్పారు.

"మిషన్ తప్పు చెప్పదు మావయ్యగారూ," అంది కోడలు. "ఆ సీసాలోది కారం తిన్న కడుపులోంచి వచ్చిందే. కావాలంటే నా ఉద్యోగం పందెం."

అక్కడితో ఆగకుండా చేతులకి తొడుగులు వేసుకుని, బ్యాగులోంచి కొత్త సీసా తీసి, ఈసారి షెడ్డులోకి తనే వెళ్తానంది. తనకి ఆ కంపేమీ కొత్త కాదంది. మామగారు గుమ్మానికి అడ్డంగా నిలబడ్డారు. నుదుటి మీద చెమట తుడుచుకుంటూ, నువ్వైనా ఆపవే అన్నట్టు భార్య వైపు చూశారు.

ఆవిడ కోడల్ని ఆపలేదు. ఇందాకటి నుంచీ ఏదో లెక్క వేసుకుంటున్నదల్లా, ఆ లెక్క తేలినట్టు తిన్నగా మొగుడి దగ్గరికొచ్చి నిలబడింది.

"పందుల సంగతి తర్వాత చూద్దాం. ఆ సీసాలోది మీదే కదా, మూత బిగించింది నేనే కదా. మీకు కారం ఎవరు పెడుతున్నారండీ?"