ఆఖరి ఓవరు ఎవరికి

సింహాచలం పదకొండేళ్లుగా ఓడిపోయే ఉద్యోగం చేస్తున్నాడు. దేశమంతా ఫోన్లో క్రికెట్ మేనేజర్ ఆటే ఆడుతోంది. అందరికీ ఓటమి అంచు నుంచి లాక్కొచ్చిన గెలుపులే కావాలి. ఆట నడిపే కంపెనీ తరఫున వాళ్లకు ప్రత్యర్థిగా ఆడి, అనుమానం రాకుండా, గెలిచే మ్యాచ్‌ను ఆఖరి ఓవర్లో వదులుకోవడం అతని పని. ఆ రహస్యం బయటపెట్టకూడదని ఒప్పందం.

వచ్చే నెల నుంచి ఆ పని యంత్రాలే చేస్తాయన్నారు. అందుకే అనకాపల్లి బస్సు డిపోలో ఇంటర్వ్యూకు వెళ్లాడు. ఉద్యోగాలిచ్చే అందరిలాగే అక్కడా అతని ఆట రికార్డే చూశారు.

"చేతికొచ్చిన ఆట ఇన్నిసార్లు వొదిలేసినావేటయ్యా? బస్సులు నీకెలా అప్పగిత్తాం?" అన్నాడు డిపో మేనేజరు గురునాయుడు.

నిజం చెబితే ఒప్పందం తప్పినట్టే. ఇంతలో గురునాయుడే ఫోను తీశాడు.

"సర్లే, నాతో ఓ మ్యాచాడు. నెగ్గితే ఉజ్జోగం నీదే."

సింహాచలం కసిగా ఆడాడు. అతని స్పిన్నర్ ఆరు వికెట్లు తీశాడు. ఆఖరి ఓవర్లో గురునాయుడికి ఇరవై రెండు పరుగులు కావాలి, ఒక్క వికెట్టే మిగిలింది. సింహాచలం దగ్గర మేటి ఫాస్ట్ బౌలర్‌కు ఇంకో ఓవరు ఉంది. ఇంటికెళ్లి భార్యకు ఏం చెప్పాలో కూడా అనుకున్నాడు. అతని వేలు మాత్రం పదకొండేళ్ల అలవాటు కొద్దీ, ఎప్పుడో తప్ప బంతి పట్టని ఓపెనర్ పేరు నొక్కేసింది.

నాలుగు సిక్సర్లు పడ్డాయి.

"ఇలాటి గెలుపు నాకిది నాలుగోదయ్యా," అంటూ గురునాయుడు కళ్లు తుడుచుకుని, అతని దరఖాస్తు పక్కన పడేశాడు.

"మీ ఆట మర్సిపోలేనండి బాబూ," అన్నాడు సింహాచలం. ఓడిన ప్రతిసారీ ఆ మాట చెప్పడం కూడా అతని ఉద్యోగంలో భాగమే.