ఐదు గంటల లోపు

ఐదు లోపు కిందికి చేరాలి. ఐదు దాటిందంటే ఇక చేసేదేం లేదు.

ఆమె పరుగు లాంటి నడకతో కొండ దిగుతోంది. నలభై ఎనిమిదేళ్ళ ఒళ్ళు. బడి ఆఫీసులో కుర్చీకి అలవాటు పడ్డ ఒళ్ళు. ఇప్పటికి రెండుసార్లు జారిపడింది. మోకాళ్ళ దగ్గర బట్ట చిరిగి రక్తం కారుతోంది. అయినా ఆగలేదు. భర్త ప్రాణం ఇప్పుడు ఆమె కాళ్ళలో ఉంది.

గుర్తులు వేసిన దారి పిరికివాళ్ళ కోసం అన్నాడు ఆయన. అడ్డదారి పట్టాడు. అంచున నిలబడి తన వీడియో తనే తీసుకుంటూ రాళ్ళ సందులోకి జారిపోయాడు. కాలు విరిగింది. ఫోన్ పగిలింది. పరాయి దేశంలో ఇద్దరికీ ఒక్క ఫోన్ చాలన్నది కూడా ఆయనే.

అప్పుడు ఆమె పడుతూ లేస్తూ ఆయన దగ్గరికి దిగింది.

"అంతా నీవల్లే," అన్నాడు పళ్ళు కొరుకుతూ. "నత్తలా నడుస్తావు. నువ్వు చురుగ్గా ఉంటే ఈ అడ్డదారి దేనికి?"

ఆమె విరిగిన కాలు వైపు చూస్తూ నిలబడింది.

"దిష్టిబొమ్మలా నిలబడ్డావేం? తిన్నగా కింద ఆఫీసుకి పో. దారిలో ఎవరితోనూ కబుర్లు పెట్టుకోకు. నీ వచ్చీరాని ఇంగ్లీషుతో పని చెడగొడతావు. ఐదింటికి మూసేస్తారు, గుర్తుందా?"

"ఐదు గుర్తుందండీ."

డ్రైవింగ్ స్కూలు నడిపే మనిషి. ఎవరు బండి తోలినా బ్రేకు తన కాలి కిందే ఉండాలి. ఇరవై రెండేళ్ళ కాపురంలో ఆమె ఆయన మాట జవదాటిన రోజు లేదు. ఇవాళా దాటలేదు. వెంటనే బయల్దేరింది.

మలుపు తిరిగాక ఒకసారి వెనక్కి చూసింది. రాళ్ళే కనిపించాయి. అక్కడో మనిషి ఉన్నాడని ఎవరూ అనుకోరు.

కొండ కింద ఆఫీసంటే ఒక చెక్క గది. ఎక్కేముందు అక్కడి పుస్తకంలో సంతకం పెట్టాలి, దిగాక పక్క గడిలో ఇంకో సంతకం. పొద్దున దాన్ని చూసి, అచ్చం మా బడి హాజరు పట్టీలాగే ఉందే అనుకుంది ఆమె. ఇద్దరి పేర్లూ తనే రాసింది. ఆయన సంతకమూ తనే పెట్టింది. కరెంటు ఆఫీసు కాగితం నుంచి హోటల్ ఫారం దాకా ఆ చాకిరీ ఎప్పుడూ ఆమెదే. ఆఫీసామె గోడ గడియారంలో ఐదు అంకె చూపించి, నెమ్మదిగా, విడమరిచి ఏదో చెప్పింది. రాత్రి పైన చలికి మనిషి మిగలడని కూడా చెప్పింది. అప్పటికే ఆయన బయటికెళ్ళి బూట్లు బిగించుకుంటున్నాడు.

సగం దారిలో మెడకి ఏదో గుచ్చుకుంది. ఈల! జంటకొకటి ఇచ్చారు. తప్పిపోయేది నువ్వేనంటూ ఆయన దాన్ని ఆమె మెడలో వేశాడు. అది దగ్గరుంటే కనీసం ఊదేవాడు. ఆమె ఆగిపోయింది. పైకి చూసింది. వెనక్కి వెళ్తే ఐదు దాటిపోతుంది. చెమట తుడుచుకుని మళ్ళీ కాళ్ళకి పని చెప్పింది. భయంగా ఉంది. ఇంత భయం జన్మలో ఎరగదు.

ఈ దారిలోనే పొద్దున ఎంతమంది తగిలారో! ఏ దేశంవాళ్ళయినా సరే, ఆయన ఆపి మరీ ఫోన్ చూపించాడు. మొన్న ఏరు దాటుతూ ఆమె వెల్లకిలా పడ్డ వీడియో. నవ్వడానికి భాష అక్కర్లేదు కదా. ఒకేరకం టోపీలు పెట్టుకున్న ముసలి జంట కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వారు. రైలు డ్రైవరొకాయన రెండోసారి వేయించుకుని చూశాడు. ఆమె కూడా నవ్వింది. నవ్వకపోతే ఈవిడకి జోకులు అర్థం కావంటాడు, అదింకో జోకవుతుంది.

నవ్వనిది ఒక్కరే. బండమీద కూర్చుని బొమ్మ వేసుకుంటున్న ఆవిడ. వీడియో చూసి, ఏమీ అనకుండా తన చేతికర్ర తీసి ఆమెకిచ్చింది.

"ఈవిడకి కర్ర కాదు, గాడిద కావాలి," అని ఆయన దాన్ని వెనక్కి ఇప్పించేశాడు.

ఆ బొమ్మలావిడ ఇంకా అక్కడే ఉంది. రొప్పుతూ వస్తున్న ఆమెని చూసి లేచింది. మీ ఆయనేరీ అన్నట్టు చెయ్యి తిప్పింది. ఆమె పైకి చూపించింది. ఎవరితోనూ కబుర్లు వద్దన్నాడు కదా, ఆగలేదు. ఆవిడ నాలుగడుగులు వెంట పరుగెత్తి కర్ర చేతిలో పెట్టింది. ఈసారి వద్దనేవాళ్ళు లేరు.

కర్ర రాబట్టి చేరగలిగింది. నాలుగూ యాభై ఆరు.

ఆఫీసు ముందు ఎర్ర కోట్లు వేసుకున్న ఇద్దరు బలమైన మనుషులు తాళ్ళు చుట్టుకుంటున్నారు. వెనక మైదానంలో హెలికాప్టర్ సిద్ధంగా ఉంది. వాటిని చూడగానే ఆమె గుండె దడదడలాడింది. ఒక్క అంగలో లోపలికొచ్చి పడింది.

"అయ్యయ్యో, ఆ రక్తమేంటి! కూర్చోండి," అంటూ ఆఫీసామె మందుల పెట్టె కోసం లోపలి గదిలోకి పరుగెత్తింది.

పుస్తకం బల్లమీద తెరిచే ఉంది. పక్కనే పెన్ను. ఊపిరి కూడదీసుకుంది.

ఐదింటికి ఎవరి గడి ఖాళీగా ఉంటే వాళ్ళకోసం ఎవరూ అడక్కుండానే కొండంతా గాలిస్తామని పొద్దున ఆఫీసామె చెప్పిన మాట ఆయన వినలేదు గానీ ఆమె విన్నది, అందుకే ముందు తన గడిలో, తర్వాత ఆయన గడిలో, క్షేమంగా దిగినట్టు రెండు సంతకాలూ పొందిగ్గా పెట్టేసింది.